ఒకటే బిళ్ళ

నా చిన్నప్పుడు మా ఇంట్లో మంచినీళ్ళ బిందె సాయంత్రానికి కూడా నిండుగానే ఉండేది. మా అమ్మ పగలు నీళ్ళు తాగడం మానేసింది. ఉపవాసమూ కాదు, మొక్కూ కాదు. బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఆమె చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో వందమందికి పైగా ఆడవాళ్ళుంటే, అందరికీ కలిపి ఒకటే చెక్కబిళ్ళ ఉండేది. పాయఖానాకు వెళ్ళాలంటే సూపర్‌వైజరు బల్ల మీదున్న ఆ బిళ్ళ పట్టుకుని వెళ్ళాలి, తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టాలి. బల్ల మీద లేకపోతే వచ్చేదాకా బిగబట్టుకోవాలి. ఉన్నా కూడా, "పొద్దున ఇంట్లో పోయి రాలేదా?" అన్న ప్రశ్నకు అందరి ముందూ తలదించుకుని నిలబడాలి. ఇంత తెలివైన ఏర్పాటు చేసినవారికి ఏ బిరుదూ దక్కకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మేనేజరు మాత్రం చాలా మెత్తటి మనిషి. ఎవరైనా వెళ్ళి మొరపెట్టుకుంటే చేతులు జోడించి "స్వల్ప అడ్జస్ట్ చేసుకోండమ్మా" అనేవాడు. బెంగళూరులో ఆ మాటకు అడ్డులేదు. బస్సులో ముగ్గురి సీటులో నాలుగోవాడు కూర్చోవాలన్నా అదే మాట, వందమందికి ఒకటే బిళ్ళ అన్నా అదే మాట.

మా అమ్మ బాధ చూడలేక మా తాతయ్య, అంటే అమ్మ నాన్న, ఒక నాటకం రాశాడు. ఆయన కోలారు వైపు పల్లెల్లో పద్యనాటకాలాడి పేరు తెచ్చుకున్నవాడు. కిరీటం, కత్తి, హార్మోనియం ఉన్న పెట్టె ఒకటి ఆయనతోపాటే మా ఇంటికి వచ్చింది. ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో మిషన్లన్నిటికీ పూలు చుట్టి, గుమ్మడికాయ కొట్టి, పనివాళ్ళ ఇళ్ళవాళ్ళకు కూడా గేట్లు తెరిచేవారు. యజమాని బంధుమిత్రులతో వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. ఆరోజు పనివాళ్ళు ఏదో ఒక వినోదం చూపించాలి. తాతయ్య తన నాటకం చూపించాడు.

నదులన్నిటినీ కోటలో బంధించిన రాక్షసుడి కథ అది. ఆడవాళ్ళు దాహంతో విలపిస్తారు. రాక్షసుడి వేషం తాతయ్యదే. కోరలు పెట్టుకుని, కత్తి దూసి, రాగం తీస్తే రేకుల కప్పు అదిరింది. చివరికి దేవుడు దిగివచ్చి నదులను విడిపించాడు. దిగిరావడమంటే నిజంగానే దిగాడు, కప్పు కమ్మికి కట్టిన తాడు మీద. హాలంతా ఏడ్చింది. అందరికంటే ఎక్కువగా యజమాని ఏడ్చాడు. ఒక పద్యాన్ని రెండుసార్లు పాడించుకున్నాడు. తాతయ్యకు శాలువా కప్పి, వెనకటి కాలంలో ఇలాంటి దుర్మార్గులు ఉండేవారట, మనం అదృష్టవంతులం, అన్నాడు. మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ తలూపాడు. మర్నాడు పొద్దున బిళ్ళ యథాస్థానంలో ఉంది.

తాతయ్య శాలువా మడిచి పెట్టెలో పెడుతుంటే పక్కింటి అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమ్మ పక్క మిషనే ఆమెది. పదో తరగతి దాకా చదివిన మనిషి, నవ్వితే నవ్వినట్టుండదు.

"పద్యం ఎట్లుండాది, చెప్పు ముందు," అన్నాడు తాతయ్య.

"చానా బాగుండాది తాతా. తప్పంతా ఆడనే ఉండాది."

తాతయ్య శాలువా మడవడం ఆపాడు.

"నీ రాక్షసుడికి కోరలు పెడితివి. మా మేనేజరుకు యాడుండాయప్పా కోరలు? సఫారీ సూటుండాది. అద్దంలో చూసుకుంటే ఆయప్పకు నీ రాక్షసుడు కనపడతాడా? నీ కథలో దేవుడు తాడు పట్టుకోని దిగినాడు. మేమేం చేయాల? కప్పు తట్టు చూస్తా కూర్చోవాల్నా?"

తాతయ్య రెండురోజులు ఆమెతో మాట్లాడలేదు. హార్మోనియంతో కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాతి వేసవిలో అమ్మ మిషను మీదే ఒరిగిపోయింది. జ్వరం, నడుంనొప్పి, మూత్రంలో నెత్తురు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మందులు రాసి, నీళ్ళు బాగా తాగాలమ్మా, ఇంకోసారి ఇలా వస్తే మూత్రపిండాలు దక్కవు, అంది. అమ్మ నవ్వింది. డాక్టరమ్మకు ఆ నవ్వు అర్థంకాలేదు. నాకు పదకొండేళ్ళు, నాకు అర్థమైంది. నా జీవితంలో మొదటి కోపం అదే. పది రోజులకు అమ్మ మళ్ళీ పనిలోకి వెళ్ళింది. బిందె మళ్ళీ నిండుగానే ఉంది.

మరుసటి ఆయుధపూజకు నాటకం అక్కది. పోయినేడాది అంత బాగా ఏడిపించారు కాబట్టి మేనేజరు ఏమీ అడగకుండానే ఒప్పుకున్నాడు. ఆరోజు ఆడవాళ్ళు అతిథులకు చేసిన మర్యాద ఇంతా అంతా కాదు. వచ్చీరాగానే మజ్జిగ, తర్వాత చల్లటి పానకం, ఆపైన కాఫీ. వద్దన్నవాళ్ళను కూడా బతిమాలి తాగించారు. యజమాని మురిసిపోయి తన బావమరిదికి పనివాళ్ళ క్రమశిక్షణ గురించి చెప్పాడు.

వేదిక లేదు, తెర లేదు, వేషాలు లేవు. మిషన్ల మధ్యనే కుర్చీలు గుండ్రంగా వేశారు. తలుపు దగ్గర ఎత్తు స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి ఒళ్ళో ఆ చెక్కబిళ్ళ పెట్టారు. తలుపుకు కాపలా మా తాతయ్య. నలభై ఏళ్ళు రాజుల వేషం కట్టిన మనిషి రోజూ వేసుకునే పాత చొక్కాలో, కిరీటం లేకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే అప్పుడే రాజులా ఉన్నాడు.

అక్క మధ్యలోకి వచ్చి చెప్పింది. "నాటకం అయ్యేదాకా తలుపు మూసుంటాది. బయటికి పోవాలంటే ఆ పాప కాడ బిళ్ళ తీసుకోవాల. బిళ్ళ ఒకటే ఉండాది." అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. భలే హాస్య నాటకం అన్నారు ఎవరో.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. అమ్మ, అక్క, ఇంకో నలుగురు మిషన్ల ముందు కూర్చుని కాలర్లు కుట్టడం మొదలుపెట్టారు, అంతే. డైలాగు లేదు, పాట లేదు. మోటార్ల రొద. పావుగంటకు యజమాని బావమరిది నవ్వుతూ లేచి నా దగ్గర బిళ్ళ తీసుకుని వెళ్ళాడు. ఆయన నిదానస్తుడు. ఎంతకీ రాలేదు. మేనేజరు చెయ్యెత్తాడు.

"బిళ్ళ లేదు సార్," అన్నాను నేను.

"స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి సార్!" అని వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. ఇంకోటి వచ్చింది. వెనక కూర్చున్న ఆడవాళ్ళందరూ అందుకున్నారు. వాళ్ళకెవరూ నేర్పలేదు. మేనేజరు కాలు మీద కాలేసుకుని కూర్చుండిపోయాడు. నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు యజమానే లేచాడు. భారీ మనిషి. నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళి తీయమన్నాడు. తాతయ్య ఎంతో వినయంగా, "బిళ్ళ ఏది సామీ?" అన్నాడు. యజమాని పళ్ళు కొరుక్కున్నాడు. అరిస్తే అందరూ వింటారు, తోసుకుని పోతే అందరూ చూస్తారు. చేసేదిలేక నా స్టూలు ముందుకొచ్చి నిలబడ్డాడు. సరిగ్గా ఆ సమయానికి బావమరిది తిరిగొచ్చి బిళ్ళ నా ఒళ్ళో పడేశాడు.

నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. నెలరోజులు ఇంట్లో గోడ ముందు నిలబడి అభ్యాసం చేశాను. అమ్మ వైపు చూశాను. ఆమె మిషను ఆపి నావైపే చూస్తోంది. ఎండిపోయిన పెదవులు. చెప్పేశాను.

"పొద్దున ఇంట్లో పోయి రాలేదా, సార్?"

ఈసారి పైనుంచి ఎవరూ దిగలేదు. ఆయన మొహం ఎర్రబడింది. నా మొహం చూడకుండా చెయ్యి చాపాడు. నేను బిళ్ళ ఇచ్చాను. తలదించుకుని బయటికి వెళ్ళాడు. మా అమ్మ రోజూ అలాగే వెళ్ళేది.

నాటకం అక్కడితో అయిపోవాలి. అక్క రాసింది అంతవరకే. కానీ బిళ్ళ ఇంకా యజమాని చేతిలో ఉండగానే మా అమ్మ లేచింది. గుడ్డముక్కలు దులుపుకుని, ఎవరినీ అడగకుండా తలుపు వైపు నడిచింది. తాతయ్య తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక పదిమంది, చివరికి హాలులో ఆడవాళ్ళందరూ. చప్పట్లు కొట్టడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ వారంలోనే క్రమశిక్షణ పేరు మీద అక్కను పనిలోంచి తీసేశారు. మేనేజరు ఆ మాట కూడా చేతులు జోడించి చాలా మెత్తగా చెప్పాడట. ఆమె మడివాళ వెళ్ళి జాకెట్లు కుట్టుకుని బతికింది. బిళ్ళ మాత్రం మళ్ళీ బల్ల మీదికి రాలేదు. అది తీసేయాలని తనకెప్పటినుంచో ఉందని యజమాని పదిమందికీ చెప్పుకున్నాడు. ఆ పదిమందీ ఆయనది దొడ్డ మనసన్నారు. నాకు అన్నిటికంటే మండింది దానికే. ఇంకా మండుతూనే ఉంది.

తాతయ్య చెప్పిందీ అక్క చెప్పిందీ ఒకే సంగతి. తాతయ్య దాన్ని ఏడిపించేలా చెప్పాడు. యజమాని హాయిగా ఏడ్చి, బరువు దించుకుని, ఇంటికెళ్ళి నిద్రపోయాడు. అక్క ఆయన్ని ఏడవనివ్వలేదు. మా అమ్మ నిలబడ్డ చోట నిలబెట్టింది. అందుకే ఎవరైనా ఫలానా నాటకం చూసి హాలంతా కన్నీరు పెట్టిందని చెబితే, ముందు వరసలో ఎవరు కూర్చున్నారని అడుగుతాను. దాంతో నన్ను మళ్ళీ నాటకాలకు పిలవరు.

కాలేజీలో పాఠాలు చెప్పిన ఇన్నేళ్ళలో నా తరగతిలో బయటికి వెళ్ళడానికి ఎవరూ చెయ్యెత్తనక్కర్లేదు. లేచి వెళ్ళొచ్చు. చాలామంది వెళ్ళి క్యాంటీన్‌లో తేలేవారు, అది నాకు తెలుసు. ఇదేం క్రమశిక్షణ అని ప్రిన్సిపాల్ ఒకసారి నన్ను పిలిచి నిలదీశాడు. నేను ఆయన బల్ల మీదున్న గ్లాసు నిండా నీళ్ళు పోసి ముందుకు జరిపి, తాగండి సార్, గంటసేపు ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం, అన్నాను.