నేను తినేసిన మొర్రి విత్తనాలు

నా చిన్నప్పటి ఖాజాగూడలో, చెరువు పక్క బండల సందుల్లో మూడు మొర్రి చెట్లు ఉండేవి. ఆ గింజ లోపలి పలుకునే అంగళ్లలో సారపప్పు అని అమ్ముతారు. రాళ్లు కొట్టేవాళ్లు గుట్టను తొలుచుకుంటూ వచ్చి రెండు చెట్లను నరికేశారు. మూడోదీ మిగలదని మా నాయనమ్మకు అర్థమైపోయింది. ఆ ఎండాకాలం రాలిన పండ్లన్నీ ఏరి, కడిగి, గింజలను నీడన ఆరబెట్టి మూటగట్టింది. తొలివాన పడగానే మా పెరట్లో నాటాలని ఆమె ఆశ.

ఆ ఏడు ఇంట్లో తిండికి కటకటగా ఉండేది. ఒక మధ్యాహ్నం నాయనమ్మ కూలికి పోయినప్పుడు నేను మూట విప్పాను. రెండు మూడే తిందామనుకున్నాను. రాయితో కొట్టుకు తింటూ పోతే చివరికి తొమ్మిదే మిగిలాయి.

నాలుగు రోజులకే మూడో చెట్టునూ కొట్టేశారు. ఆ సంగతి విని వచ్చిన నాయనమ్మ, మంచినీళ్లయినా తాగకుండా మూట విప్పి అలాగే కూర్చుండిపోయింది. ఎవరి పని ఇది అని నాన్న గద్దించాడు. ఎలుకలు తిన్నాయని చెప్పింది నాయనమ్మ. నా వైపు చూడనైనా లేదు.

తొలివాన పడ్డ మర్నాడు నన్ను పెరట్లోకి పిలిచింది. మొర్రి పెంకు రాయిలా ఉంటుంది, కాస్త పగిలితే గానీ మొలక బయటికి రాలేదు. ఆ పని నాతోనే చేయించింది.

"పెంకు పగలాలె, పలుకుకు దెబ్బ తాకొద్దు. జర మెల్లగ కొట్టు బిడ్డా."

గట్టిగా కొట్టి మూడింటిని నుజ్జు చేశాను. ఆమె నాలుగోది అందించింది.

ఆరు నాటితే రెండు మొలిచాయి. ఒకటి వారంలోనే మాడిపోయింది. రెండోది నా నడుమెత్తు పెరిగేసరికి నాయనమ్మ మంచం పట్టింది. జ్వరం తగ్గే దారి కనబడని రోజున, పక్కన కూర్చుని, ఆ గింజలు తిన్నది నేనేనని చెప్పాను.

"నాకు ఎరుకే. మొక్కకు నీళ్లు పోసినవా?" అంది. మర్నాటికి ఆమె లేదు.

తర్వాత మా ఇల్లు, పెరడు, మొక్క అన్నీ రోడ్డు కిందికి పోయాయి. మిగిలిన గుట్టంతా తిరిగాను. ఒక్క మొర్రి చెట్టూ కనబడలేదు.

ఇప్పుడు మనవలు ఏదైనా పాడుచేసి తలదించుకుని నిలబడితే నాకు తిట్టడానికి నోరు రాదు. మిగిలినదాన్ని వాళ్ల చేతుల్లోనే పెట్టి, పక్కన కూర్చుంటాను.