శాంతమ్మగారు సంతకం పెట్టిన కాగితం

మొన్న సీతమ్మధారలో జెరాక్స్ దుకాణం ముందు నిలబడి ఉంటే, యంత్రంలోంచి వచ్చిన వేడి కాగితం వాసనకు డాక్టర్ శాంతమ్మగారు గుర్తొచ్చారు. తొంభైల చివర్లో నేను జూనియర్ డాక్టరుగా చేరిన ఆసుపత్రికి ఆవిడే పెద్ద డాక్టరు. గోదావరి జిల్లా మనిషి. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

ఆ ఏడు తుఫాను వానల తర్వాత యారాడ వైపు పల్లెల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అక్కడ తెరిచిన ఒక్కో శిబిరంలో ఒక్కో రకం వైద్యం. అందరికీ ఒకే చికిత్స సూచనలు ఒక్క రోజులో తయారుచేసే బాధ్యత ఆవిడ మీద పడింది. రాసే పని నాది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "ఇది ఎక్కడిదయ్యా? పుస్తకంలోదా, మనం చూసిందా, ఎవరో చెప్పగా విన్నదా?" అని అడిగేవారు. నాకు విసుగొచ్చింది.

"అక్కడ జనం పడిపోతున్నారు మేడమ్" అన్నాను.

"అందుకేనయ్యా. నర్సు పక్కన మనం ఉండం, మన కాగితమే ఉంటుంది. తెలియనిది తెలియదని రాస్తేనే, తెలిసిందని రాసినదాన్ని నమ్ముతారు."

సెలైన్ వేగంగా ఎక్కించాలన్న వాక్యం పక్కన ఆవిడ పెన్సిలుతో ఇంకో మాట చేర్చారు: 'ముసలివాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఎంత వేగమో తేలలేదు. నెమ్మదిగా మొదలుపెట్టి, ఊపిరి గమనించాలి.' శుద్ధప్రతి రాసేటప్పుడు నేను దాన్ని వదిలేశాను. మరచిపోయి కాదు. పెద్ద ఆసుపత్రి పంపే కాగితంలో 'తేలలేదు' అని ఉంటే నామోషీ అనిపించింది. "అన్నీ ఎక్కించావుగా?" అని అడిగారు. "ఎక్కించానండీ" అన్నాను. సంతకం పెట్టేశారు. జెరాక్స్ తీయించి అన్ని శిబిరాలకూ పంపాం.

మూడో రోజు శిబిరంలో ఒక ముసలి జాలరి ఆయాసంతో చనిపోయాడు. మేమిద్దరం వెళ్లాం. నర్సు కాగితం చూపించింది. "ఇందల ఉన్నట్టే సెలైను జోరుగా ఎక్కించేనమ్మా. నాను సొంతంగా ఏటీ సెయ్యలేదు."

అతని భార్య నేల మీద కూర్చుని ఉంది. "దాహం తగ్గిందన్నాడమ్మా. మరి ఊపిరెందుకాడలేదు?" అంది.

శాంతమ్మగారు కాగితం రెండుసార్లు చదివారు. నా వైపు చూశారు. ముసలమ్మ పక్కనే కూర్చుని, "నర్సుది తప్పు కాదమ్మా. మేం రాసిన కాగితంలోనే ఉంది తప్పు. సంతకం నాది" అన్నారు.

ఆ మధ్యాహ్నమే అన్ని శిబిరాలకూ కొత్త కాగితం వెళ్లింది. 'మొన్న పంపినదానిలో ఒక తప్పుంది' అన్నదే అందులో మొదటి వాక్యం. తప్పును అలా రాతపూర్వకంగా ఒప్పుకున్నందుకు పైఅధికారులు మండిపడ్డారు. ఆపైన జరిగిన విచారణలో ఆవిడ నా పేరెత్తలేదు. నేనూ నోరు విప్పలేదు. నెల తిరక్కుండా ఆవిడను ఎక్కడికో బదిలీ చేశారు. నిజం చెప్పేద్దామనే స్టేషన్‌కు వెళ్లాను. "జాగ్రత్తగా పనిచెయ్యి" అన్నారు. రైలు కదిలింది. తర్వాత ఉత్తరాలు మొదలుపెట్టి ఎన్నిసార్లు చించేశానో. కొన్నేళ్లకు ఆవిడ పోయారని తెలిసింది.

ఇప్పుడు అలాంటి సూచనల మీద సంతకం పెట్టేది నేనే. కొత్తగా చేరిన డాక్టర్లకు ఆ జాలరి సంగతి ప్రతిసారీ చెబుతాను. ఆ మాట వదిలేసింది ఎవరని అడుగుతారు. అప్పట్లో పనిచేసిన ఒక జూనియర్ అంటాను.