పెద్దల పండగకు అద్దం

ఆ రోజుల్లో ఒకరింటికి పండగ భోజనానికి పోవాలంటే కడుపు ఖాళీగానూ చేతులు నిండుగానూ ఉండాలి. కడుపు సంగతిలో నాకెప్పుడూ ఇబ్బంది లేదు, చేతులతోనే చిక్కు. నేనప్పుడు హిందూపురంలో ఒక పటాల అంగడిలో గాజు కోసేవాణ్ణి. (ఆరో తరగతిలో లెక్కల అయ్యవారూ నేనూ ఒకరినొకరం భరించలేకపోయాం. వయసులో చిన్నవాణ్ణి గనుక మర్యాదకు నేనే బడి వదిలేశాను.) దేవుళ్ళందరికీ చట్రాలు బిగించి గోడలకెక్కించే నాకు ఇరవై రెండేళ్ళొచ్చినా పెళ్ళి మాత్రం కుదరలేదు. దానికి కారణం నా నోరు. అంతకుముందు రెండిళ్ళలో పిల్లను చూపించబోతే, ఒకచోట పిల్ల తండ్రి మీసం గురించీ, ఇంకోచోట వాళ్ళు పెట్టిన ఉప్మా గురించీ నాకు తోచిన మాట చెప్పాను. రెండు చోట్లా నవ్వింది నేనొక్కణ్ణే.

మూడో సంబంధం పెనుకొండలో ఉండే మా మేనత్త తెచ్చింది. ధర్మవరంలో నాలుగు మగ్గాలు నడిపే ఒకాయన కూతురు. మా అత్త అంగడికే వచ్చి, నన్ను బయటికి పిలిచి, చెవి పట్టుకున్నంత పని చేసి చెప్పింది:

"ఒరే, మగ్గాలాయన పెద్దల అమావాస్యకు భోజనానికి రమ్మన్నాడు. వస్తాండావు కదా?"

"అమావాస్య పూట పెండ్లి చూపులేందత్తా? చూడాల్సింది పిల్లనా, దయ్యాన్నా?"

"ఇదే, ఈ నోరే నీ కొంప ముంచేది! ఆ పొద్దు పెండ్లి మాట ఎవురూ ఎత్తరు, నువ్వూ ఎత్తాకు. తిను, చెయ్యి కడుక్కో, రా. వాళ్ళు చూసేది వాళ్ళు చూసుకుంటారు. మర్నాడు దసరా పాడ్యమి. ఆ పొద్దు అవునో కాదో చెప్తారు. ఇది గూడా పోయిందంటే నన్ను అత్తా అని పిలవద్దు."

"ఉత్త చేతుల్తో పోవాల్నా మరి?"

"ఉత్త చేతుల్తో ఎట్ల పోతావురా? అట్లని పూలు, పండ్లు, తాంబూలం తెచ్చేవు! అవి పెండ్లి వస్తువులు, ఆ పొద్దు తేరాదు."

అదీ చిక్కు. బెల్లం పట్టుకుపోదామంటే, ఊరంతా బెల్లం మండీలుండే హిందూపురం వాడు బెల్లం తేవడం మేకవాడు పాలు తేవడం లాంటిది, ఎవరూ మెచ్చుకోరు. గుడ్డముక్క తీసుకుపోదామంటే వాళ్ళే నేసేవాళ్ళు. నా జేబుకు అందేది, వాళ్ళ ఇంటికి పనికొచ్చేది ఏముందా అని బుర్ర గోక్కుంటుంటే, మా అత్త వెళ్తూ వెళ్తూ ఒక మాట జారవిడిచింది. "పాపం ఆ పిల్ల ఇత్తడి పళ్ళెంలో మొగం చూసుకోని బొట్టు పెట్టుకుంటాది. నాలుగు మగ్గాలుండే ఇంట్లో ఒక అద్దం లేదు చూడు!"

ఇక నేను ఆగుతానా? అంగడి యజమాని సాయిబు మామను బతిమాలి, మూల పగిలిన అద్దపు ముక్క ఒకటి సంపాదించాను. పగిలిన మూలను తెలివిగా కోసేసి, జానెడు వెడల్పు, మూరెడు పొడవు చేసి, మిగిలిపోయిన టేకు చట్రం బిగించి, మూడు సాయంత్రాలు నూనె పెట్టి తుడిచాను. సాయిబు మామ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమబ్బా, నా అంగట్లో ఇన్నేండ్లుండి ఒక్క పటానికైనా ఇంత పని చేసినావా? దేవుళ్ళు వింటాండారు, జాగ్రత్త!" అన్నాడు. నా తెలివికి నేనే పొంగిపోయాను. ఖర్చు లేదు, మనసు పెట్టి చేసింది, ఆ ఇంటికి లోటుగా ఉన్నది. మీరైనా ఇంతకంటే మంచిది ఏం తీసుకుపోగలరు?

అమావాస్య పొద్దున ప్యాసింజరు బండి ఎక్కాను. పెనుకొండలో అత్త ఎక్కింది. "ఆ గోనెసంచిలో ఏందిరా?" అని ధర్మవరం దాకా అడుగుతూనే ఉంది. చూపిస్తే నా గొప్ప అక్కడే అయిపోతుందని చూపించలేదు. ఆ ఒక్క గంట నోరు మూసుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. జీవితంలో నేను మాట్లాడి చెడగొట్టుకున్నవే ఎక్కువ గాని, మాట్లాడక చెడగొట్టుకున్నది అదొక్కటే.

ధర్మవరంలో ఆ వీధిలోకి అడుగు పెట్టగానే నా నడక దానంతటదే నెమ్మదించింది. అంతకుముందు పని మీద ఒకసారి వచ్చినప్పుడు ఆ వీధంతా మగ్గాల చప్పుడుతో దడదడలాడుతూ ఉంది, మాట వినిపించాలంటే అరవాల్సి వచ్చింది. అమావాస్యకు మగ్గం ఆడించరు. పట్టపగలు, నెత్తిన ఎండ, ఒక్క చప్పుడు లేదు. తెరిచిన తలుపుల్లోంచి గుంతల్లో మగ్గాలు, సగం నేసిన చీరలు కనిపిస్తున్నాయి. మనుషులు లేచిపోయిన ఆసనాల్లాగా ఉన్నాయి ఆ గుంతలు. ప్రతి మిద్దె మీదా పిట్టగోడ అంచున ఒక విస్తరాకు. వాటి ముందు వీధిలో నిలబడి తలెత్తి చూస్తున్న జనం, ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. అత్త గుసగుసగా చెప్పింది: "కాకి ముట్టేదాకా ఎవురూ అన్నం తినరు. కాకి రూపంలో పెద్దలు వచ్చి తిని పోతారు."

మగ్గాలాయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రాప్పా, రా. ఎండన పడి వచ్చినావు" అని ఆదరంగానే పిలిచాడు. లోపల వెలుతురు పడేందుకు నడిమధ్య ఆకాశం కనిపించే తొట్టి, దాని పక్కన పడసాల. పడసాలలో గోడవారగా పెద్దలకు పెట్టినవన్నీ వరుసగా ఉన్నాయి. వడలు, ఓళిగలు, గుమ్మడికాయ కూర, చెంబుతో నీళ్ళు. ఒక పీట మీద మడత విప్పని తెల్లకోక, దాని ముందు దీపం. ఆ ముందటి ఏడాది పోయిన ఆయన తల్లికట అవి. వీధి వీధంతా రాట్నం అవ్వ అనేవాళ్ళట ఆవిణ్ణి. బతికినన్నాళ్ళూ ఇతరుల చీరలకు పట్టు చుట్టింది.

నేను సంచి విప్పి, అద్దం తీసి, మా సాయిబు మామ నేర్పిన పద్ధతిలో పైపంచెతో ఒకసారి తుడిచి, ఆయన చేతికిచ్చాను. ఆయన అందులో తన మొహం చూసుకుని, ఎవరో పరాయి మనిషి కనిపించినట్టు వెనక్కి జరిగాడు. ఆయన భార్య వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో పిల్లలు కూడా ఆట ఆపేశారు. మా అత్త నా వీపు మీద గిల్లింది, చర్మం ఊడొచ్చేలా.

"తప్పయిందా మామా?" అన్నాను.

గడప దగ్గర్నుంచి ఆయన భార్య చెప్పింది: "నీకేం తెలుసు నాయనా. మా అత్తకు ఇరవై ఏండ్లకే మొగుడు పోయినాడు. ఆ పొద్దే పెద్దోళ్ళు ఇంట్లో ఉండే అద్దం తీసి అవతల పారేసినారంట. ఆమె చూడరాదని. మళ్ళా ఈ ఇంట్లోకి అద్దం రాలేదు. ముసిలిదయినాక ఆమె మొగం ఎట్లుండాదో ఆమెకే తెలీదు, పాపం. అట్లే పోయింది."

నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. "నేను ఎనక్కి తీస్కపోతా..." అంటే, మగ్గాలాయన తల అడ్డంగా ఊపాడు. "ఈ పొద్దు ఇంట్లోకి వచ్చిన వస్తువు ఎనక్కి పోరాదు. పెద్దలకు సూపించకుండా మనం వాడరాదు. అన్నిట్తో పాటు ఆడనే పెడతా. కాకి ముట్టేదాకా ఎవురూ దేన్నీ తాకొద్దండి." అని, దాన్ని పీటకు కొంచెం ఎడంగా, తొట్టి వైపు తిప్పి గోడకు ఒరగబెట్టాడు.

మేమంతా వీధిలోకి వచ్చాం. వంట దగ్గర పిల్ల ఒక్కతే లోపల ఉండిపోయింది. (అప్పటిదాకా ఆమె జడ చివర తప్ప నేనేమీ చూడలేదు.) మిద్దె మీద ఆకు ఉంది. ఎదురింటి మిద్దె మీద కాకులు వచ్చాయి, తిన్నాయి, వాళ్ళు లోపలికి పోయి తలుపులు దగ్గరికేసుకున్నారు. పక్కింటి మీదా తిన్నాయి. మా మిద్దె మీదికి ఒక కాకి వచ్చింది. ఆకు మీదికి దిగబోయి, గాల్లోనే ఎవరో తోసినట్టు అరిచి వెనక్కి తిరిగింది. ఇంకోటి వచ్చింది, అదీ అంతే. మూడోది దూరం నుంచే చూసి మలుపు తిరిగింది. వీధి మొత్తం ఖాళీ అయింది. ఆ నిశ్శబ్దంలో మేం మాత్రం మిగిలాం.

"అమ్మా, ఏం లోపం చేసినామమ్మా?" అన్నాడు మగ్గాలాయన ఆకాశం వైపు చేతులు జోడించి. అంత పెద్దమనిషి చిన్నపిల్లవాడిలా అయిపోయాడు. ఆయన భార్య నా వైపు చూడకుండా, నాకు వినపడేలా, "కొత్త మనిషి వచ్చినాడు కదా. ఆమెకు ఇష్టం లేదేమో" అంది. మా అత్త కళ్ళు మూసుకుంది. మూడో సంబంధమూ పోయిందని నాకర్థమైంది, ఈసారి ఒక ముసలమ్మ చేతిలో, అదీ చచ్చిపోయిన ముసలమ్మ చేతిలో.

అప్పుడు కనపడింది నాకు. పిట్టగోడ మీద, ఆకు పక్కనే, జానెడు వెడల్పు మూరెడు పొడవు వెలుతురు ముక్క. తొట్టిలో పడిన ఎండ నా అద్దం మీద పడి అక్కడికి ఎగసింది. ఏళ్ళ తరబడి అంగట్లో గాజు ముక్కలతో ఎదురంగడి కాపలావాడి కళ్ళలోకి ఎండ కొట్టినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా! కాకుల కళ్ళు జిగేల్మంటున్నాయి. భయం పోయి నవ్వొచ్చింది. మరుక్షణమే ఆ నవ్వూ పోయింది. సంగతి చెబితే, అవ్వను తరిమింది నా అద్దమే అని నా నోటితో ఒప్పుకున్నట్టు. చెప్పకుండా పోయి తిప్పితే, కాకి ముట్టకముందు పెద్దల వస్తువు తాకినట్టు. రెండింటిలో ఏది చేసినా పిల్ల దక్కదు. ఎవరూ చూడకుండా చేస్తే దక్కుతుంది.

"దప్పికయితాంది అత్తా" అని గొణిగి, లోపలికి జారుకున్నాను.

పడసాలలో దీపం నిలకడగా వెలుగుతోంది. అద్దం ఇందాక మగ్గాలాయన పెట్టినట్టు లేదు. ఎవరో దాన్ని పక్కకు తిప్పి పెట్టారు. ఇప్పుడది తొట్టి వైపు లేదు, పీట వైపు ఉంది. పీట మీద కూర్చున్న మనిషి మొహం చూసుకోవడానికి ఎంత వాలు కావాలో సరిగ్గా అంత వాలులో. అందులో తెల్లకోక, దీపం, వెనక గోడ, అంతే. ఆ పగటి వేళ నా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వీధిలోంచి ఒక్కసారిగా కేక వినిపించింది: "ముట్టింది! ముట్టింది!"

తల తిప్పితే వంటింటి గడపలో ఆ పిల్ల నిలబడి ఉంది. చేతిలో గరిటె. నన్ను చూసింది, అద్దాన్ని చూసింది, పెదవి మీద వేలు పెట్టుకుని లోపలికి పోయింది. ఆహా, అనుకున్నాను. పాయసం కలుపుతూనే ఎండ ముక్క పసిగట్టి, నా కంటే ముందు తిప్పేసింది, పైగా నన్ను నోరు మూసుకొమ్మంటోంది! ఇంత తెలివిగల పిల్లను చేసుకోకపోతే నా బతుకెందుకు? ఆ రోజు భోజనంలో నేను ఒక్క హాస్యమూ ఆడలేదు. మగ్గాలాయన మా అత్తతో, "నిదానస్తుడు" అన్నాడట. మర్నాడు పాడ్యమికి అవునని కబురొచ్చింది.

పెద్దల వస్తువు తాకిన తప్పు బయటపడితే ఆమెకు మాట వస్తుందని, మగ్గాల మామ బతికున్నన్నాళ్ళూ నేను ఆ సంగతి ఎత్తలేదు. ఆయనకు కొడుకులు లేరు. ఆయన పోయాక, ఆ ఇంటి పెద్దల పండగ మా ఇంట్లో చేయాల్సి వచ్చిన మొదటి ఏడు, ఆకు పెట్టి మిద్దె కింద నిలబడినప్పుడు ఇక ఆగలేక అన్నాను: "ఆ పొద్దు నువ్వు అద్దం తిప్పకపోయుంటే మన పెండ్లి అయ్యుండేది కాదు."

మా ఇంటామె వింతగా చూసింది. "నేనా? నేనెప్పుడు తిప్పినా? నీ అడుగుల చప్పుడు విని పొయ్యి కాడ నుంచి లేచి వచ్చినా. చూస్తే అద్దం పీట దిక్కు తిరిగుండాది, నువ్వు దాని ముందర నిలబడుకోనుండావు, బయట ముట్టిందని కేకలు. ఎంత తెలివిగల మొగోడు, మా నాయన పరువు కాపాడినాడు, ఎవురికీ చెప్పకూడదు అనుకున్నా. అందుకే ఒప్పుకున్నా నిన్ను."

"నేను పొయ్యేటప్పటికే అది తిరిగుండాది" అన్నాను. ఆమె మిద్దె మీది ఆకు వైపు ఒకసారి చూసి అంది: "అయితే నీకు అంత తెలివి లేదన్నమాట."

"నీకూ లేదు కదా" అన్నాను.

"ఇప్పుడేం చేద్దాం మరి? ఇద్దరు పిల్లలు గూడా అయిపోయిరి."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను గాని, ఇద్దరం కొంచెం దగ్గరగా జరిగి నిలబడ్డాం. ఇప్పుడీ వయసులో ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది. పిల్ల తెలివి చూసి మురిసిపోయాడు, తన తెలివి చూసి పిల్ల మురిసిపోయిందని ఎరగడు. మా సంసారంలో ఉన్న తెలివి కాస్తా, నేను ఒక్కసారైనా కళ్ళారా చూడని అవ్వదే.