చెంచాలకు కత్తిపీట

నా చిన్నప్పుడు ఒక శనివారం సాయంత్రం నాలుగుంబావుకు నెల్లూరు బస్సు మా వీధి మొదట్లో ఆగి, ఇద్దరిని దింపి వెళ్లిపోయింది. రోజూ అదే వేళకు వచ్చేది. ఆ రోజు మాత్రం మా నాయన దానివైపు చూసి, నన్ను చూపిస్తూ, "సోమవారం ఈ బస్సుకే దీన్ని ఆత్మకూరు పంపిస్తా, మా చెల్లెలి కాడికి. ఆమె బిడ్డను చూసుకుంటా ఉంటాది" అన్నాడు. అప్పుడు మా అమ్మ నా తొడకు పసుపు అద్ది గుడ్డ కడుతూ ఉంది.

గాయం నేను చేసుకున్నదే. మాది ఉదయగిరి. కోట కొండ కింద మా వీధిలో ప్రతి అరుగు మీదా చెక్క చెంచాలు చేసేవారు. నాలుగేళ్లప్పుడు నేను పొయ్యిలో నిప్పుల మీద కుడిచెయ్యి పెట్టానట. పుండు మానింది కానీ వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి అలాగే ఉండిపోయాయి. పదేళ్లు వచ్చేసరికి నా ఈడు పిల్లలంతా చెంచా కాడల మీద పూలు చెక్కుతున్నారు. నాకు ఉప్పుకాగితంతో రుద్దే పని ఒక్కటే ఇచ్చేవారు. ఆ శనివారం ఎవరూ చూడకుండా చెంచాను మోకాలి కింద అదిమి ఎడమచేత్తో ఉలి పట్టాను. చెంచా జారింది. ఉలి తొడలో దిగింది.

నాయన కోపిష్టి కాదు. భయపడ్డాడు. "ఉండేది ఒక్క చెయ్యి. అది కూడా పోగొట్టుకుంటే రేపు నీకు దిక్కెవురు?" అని ఉలి తీసి నాకు అందని చోట పెట్టాడు. అత్త అంటే నాకు ఇష్టమే. కానీ ఆమె ఇంటి చుట్టుపక్కల చెంచాలు చేసేవాళ్లు లేరు. వెళితే చెక్కడం ఇక ఈ జన్మలో రాదని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున పక్కింటి అక్క నన్ను పిలిచింది. ఆమెకు అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. కీళ్ల జబ్బుతో వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బి, పిడికిలి ముడవలేకపోయేది. వాళ్లింటి చెంచాల మీది పూలకు ఊళ్లో పేరుండేది. అవి ఆమె భర్త చెక్కుతాడని అందరూ అనుకునేవారు.

"నాలుగు వంకాయలు తరిగిపెట్టు మే. నా చేతులు ఈపొద్దు మాట వినడంలా" అంది.

కత్తిపీట ముందు కూర్చున్నాను. మా ఇంట్లో రోజూ చేసే పనే. పీటను కాలితో అదిమి, ఎడమచేత్తో వంకాయ పట్టుకుని, కుడి పిడికిలితో వెనకనుంచి నెడుతూ తరిగాను. అక్క చూస్తూ కూర్చుంది.

"కత్తి కదిలిందా, వంకాయ కదిలిందా?"

"వంకాయ."

"మరి నిన్న ఉలినెందుకు కదిలించినావు, పిచ్చిదానా?"

తర్వాత లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. అక్కడ ఇంకో పీట ఉంది. దానికి కత్తికి బదులు ఉలిని పదును పైకి వచ్చేలా బిగించారు. అక్క పీట మీద కాలు వేసి కూర్చుంది. చెంచా కాడను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఉలికి ఆనించి మెల్లగా తిప్పింది. ఒక రేకు తేలింది. మళ్లీ తిప్పింది. ఇంకో రేకు. ఊరు మెచ్చుకునే పూలు ఆమెవి. చేతులు బాగాలేని మనిషి చేసిందని తెలిస్తే కొనేవాళ్లు ప్రతి చెంచాలోనూ వంకలు వెతుకుతారని భార్యాభర్తలిద్దరూ ఆ సంగతి బయటపడనివ్వలేదు.

ఆ రోజంతా ఆ పీట దగ్గరే ఉన్నాను. రెండు కాడలు విరిచాను. మూడోదాని మీద పువ్వు లాంటిది ఒకటి వచ్చింది. పరుగున వెళ్లి నాయనకు చూపించాను.

"పక్కింటాయన చెక్కిచ్చినాడు, నువ్వు పట్టుకొచ్చినావు" అన్నాడు.

కాదని చెప్పాలంటే అక్క రహస్యం చెప్పాలి. చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం అమ్మ నా గుడ్డలు సంచిలో సర్దింది. నేను అరుగు మీద ఏడుస్తూ కూర్చున్నాను. అక్క తన గడపలోంచి చాలాసేపు నన్ను చూసింది. లోపలికి వెళ్లింది. మళ్లీ వచ్చినప్పుడు ఆ పీట ఆమె చంకలో ఉంది. వీధిలోకి దిగి వచ్చి మా అరుగు మీద పెట్టింది. అందరూ పని ఆపారు.

"ఏందమ్మో, చెంచాలకి కత్తిపీటా? పులుసు పెడతావా ఏంది?" అన్నాడు ఎదురింటాయన.

"నువ్వు మెచ్చుకున్న పూలన్నీ దీని మీద తరిగినవే అన్నా. మా ఆయన రుద్దుతాడు, నూనె పెడతాడు, అంతే."

ఆమె భర్త తన అరుగు మీదినుంచి, "ఆ పొగడ్తలన్నీ ఇన్నాళ్లూ నేనే తిన్నా. చేదుగా ఏం లేవు" అన్నాడు. అందరూ నవ్వారు.

అక్క నన్ను పీట ముందు కూర్చోబెట్టింది. నాయన ఎదురుగా నిలబడ్డాడు. చెంచాను ఎడమచేత్తో పట్టుకుని, పిడికిలితో నెడుతూ చెక్కాను. ఐదు రేకులు రావాలి. చోటు చాలక నాలుగే వచ్చాయి. నాయన దాన్ని బొటనవేలితో తడిమాడు. "ఐదోది యాడ మే?" అన్నాడు. ఆయన అమ్మవైపు తిరిగి, "ఆ సంచి లోపల పెట్టు. చెల్లెలికి జాబు రాస్తాలే" అన్నాడు.

అక్క భయపడినట్టే అయింది. కొన్నాళ్లు కొనేవాళ్లు ఆమె చెంచాలను వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూశారు. అక్క చూడనిచ్చింది. ఆమె నాకోసం ఏం వదులుకుందో నాకు పెళ్లై పిల్లలు పుట్టాక గాని అర్థం కాలేదు. అప్పుడు వెళ్లి అడిగితే, "ఇంకెన్నాళ్లని చీకటి గదిలో చెక్కేది? కళ్లు పోవా?" అంది. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

అక్క మొన్న వేసవిలో పోయింది. ఆమె గురించి పెద్ద మాటలు రాయలేను. ఆమె ఎంతో హాయిగా పనిచేసిన మనిషి. ఆ హాయి కొంత నాకూ వచ్చింది. అరవై దాటినా రోజూ పొద్దున పనికి కూర్చుంటాను. చెక్కడం నేర్చుకోవడానికి ఆడపిల్లలు వస్తారు. వాళ్లలో వేళ్లు లేనివాళ్లు, చెయ్యి వణికేవాళ్లు ఎప్పుడైనా ఒకరుంటారు. ఏం చెయ్యాలనుందో అడుగుతాను. తర్వాత దేన్ని కదలకుండా నిలపాలో, దేన్ని కదిలించాలో ఇద్దరం కలిసి వెతుకుతాం. ఒక్కోసారి వారం పడుతుంది. మొదట్లో నేనూ అందరిలాగే, ముందు ఆ చెయ్యి చాపి చూపించమనేదాన్ని. ఇప్పుడు అనడం లేదు.