సున్నం వేసిన కొమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం తెచ్చుకునే హక్కు ఒక్క మా పెదనాన్నగారికే ఉండేది. మిగతావాళ్ళకి కోపం వస్తే దాన్ని తలనొప్పి అనేవారు. మా అమ్మకి నెలలో సగం రోజులు తలనొప్పిగానే ఉండేది. ఆడపిల్లకి అదీ లేదు. మూతి ముడిస్తే ఇంత పప్పన్నం పెట్టి పడుకోబెట్టేవారు. ఇన్నేళ్ళ తరువాత, అరవై దాటాక, నూజివీడులో సెల్‌ఫోన్ల కొట్టు పైనున్న ఒక గదిలో, నా మనవరాలి ఈడు పిల్లల మధ్య కూర్చుని ఉండగా నాకు మళ్ళీ ఆనాటి కోపమే వచ్చింది. అప్పటి సంగతి చెబితేగాని ఇప్పటిది అర్థం కాదు.

మాది ఆగిరిపల్లి దగ్గర మామిడితోట. తోటలోనే ఇల్లు. బడి దూరమని, దారిలో చెట్లు తప్ప మనుషులుండరని నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, ఎక్కాలు, పద్యాలు అన్నీ ఇంట్లోనే నేర్పినావిడ మా నాన్నగారి మేనత్త. మేము మామ్మ అని పిలిచేవాళ్ళం. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి తిరిగివచ్చిన మనిషి. ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. నాకు తెలిసిన నాలుగు మంచి ముక్కలూ ఆవిడ పెట్టిన భిక్షే. ఇప్పటికీ పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి తలుచుకున్నాక ఆవిణ్ణే తలుచుకుంటాను.

ఆ ఏడు కోతలు మొదలవుతున్న రోజులు. వీధి అరుగు పక్క గోడ మీద నేను బొగ్గుతో ఒక మామిడికొమ్మ గీశాను. మా ఇంటి అవసరానికి ఉంచుకున్న చిన్నరసం చెట్టు కొమ్మ అది. కాయల బరువుకి కొమ్మ ఎక్కడ వంగిందో, ఆకు ఏ పక్కకి తిరిగిందో చూసి రావడం, గీయడం, మళ్ళీ వెళ్ళి చూడడం. ఎన్ని మధ్యాహ్నాలు పట్టిందో లెక్క లేదు. మా నాన్నగారు అటుగా వెళుతూ ఒకసారి ఆగి, "బానే ఉందే" అన్నారు. ఆ మాటకే నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఒకరోజు కాయ చూసుకోవడానికి నూజివీడు నుంచి వ్యాపారులు వస్తున్నారని కబురొచ్చింది. నేను దొడ్లో స్నానం చేసి వచ్చేసరికి గోడ తెల్లగా, తడిగా మెరుస్తోంది. పాలేరు సున్నం బకెట్ తీసుకుని పక్క గోడకి పోతున్నాడు. మా పెదనాన్నగారు అరుగు మీద నిలబడి ఉన్నారు. "పిచ్చిగీతలున్న గోడ చూస్తే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. నన్ను చూసి కాదు, గోడని చూసి.

నేను వెళ్ళి గాదె వెనక కూర్చున్నాను. అన్నానికి లేవలేదు. అమ్మ వచ్చి, గోడకేమన్నా ప్రాణముందా, లేచి తినమంది. మా అన్నయ్య తలుపు పట్టుకుని వేలాడుతూ, "నీ తోట అమ్ముడుపోయిందంట కదే, ఎంతకిచ్చావేంటి?" అన్నాడు. వాడి మీదకి చెంబు విసిరాను. తగల్లేదు. అదొక కోపం.

కాసేపటికి మామ్మ వచ్చింది. బుజ్జగించలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుని, "వచ్చిందా కోపం?" అంది.

"వచ్చింది."

"ఎంత?"

చేతులు రెండూ బారజాపి చూపించాను.

"చాలదు. లే" అంది.

నాకు భయమేసింది. కోప్పడితే పాపమని ఆవిడే కదా చెప్పేది. ఆ మాటే అడిగాను. "మన కొండ మీదున్న స్వామి ఎవరే? స్తంభంలోంచి నవ్వుతూ వచ్చాడా?" అని నా చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకుపోయింది.

చిన్నరసం చెట్టు కింద కాయ కోస్తున్నారు. పొడుగాటి వెదురుగెడ చివర చిక్కం కట్టి ఉంటుంది. దాని అంచున చిన్న కత్తి. కాయని తొడిమతో సహా తెంచి చిక్కంలో పడేలా లాగుతారు. అందరి చూపూ చిక్కంలో పడే కాయ మీదే ఉంటుంది. మామ్మ నా గడ్డం పట్టి పైకెత్తి, "కాయని చూడకు. కొమ్మని చూడు" అంది.

కాయ తెగింది. కొమ్మ లేచింది. చూశాను కదా అని మామ్మ వైపు తిరిగితే, మళ్ళీ చూడమంది. అలా ఎన్నోసారికో గాని నాకు అసలు సంగతి కనబడలేదు. కాయ తెగగానే కొమ్మ ఉలిక్కిపడినట్టు పైకి లేస్తుంది. లేవాల్సినదానికన్నా ఎక్కువే లేస్తుంది. మళ్ళీ దిగుతుంది, మళ్ళీ లేస్తుంది, ఊపు తగ్గుతూ వస్తుంది. కొమ్మ ఆగిపోయాక కూడా చివరి ఆకులు ఇంకా ఊగుతూనే ఉంటాయి. చివరికి ఆగిన చోటు మొదట ఉన్న చోటు కాదు. దానికన్నా కాస్త పైన.

అక్కణ్ణుంచి గొడ్ల చావిడి వెనక్కి తీసుకుపోయింది. పొడుగాటి మట్టిగోడ, ఈ చివర నిలబడితే ఆ చివర పశువు చిన్నదిగా కనబడేంత. మామ్మ కొంగులో మూటగట్టి తెచ్చిన బొగ్గులు నా ముందు పోసింది. "ఒక్క కొమ్మ గీశావు కాబట్టి ఒక్క చేత్తో తుడిపించేశాడు. ఈ గోడ చివరిదాకా గీయి. కొమ్మ కదిలిన ప్రతిచోటా ఒక బొమ్మ. ఏదీ వదలకు" అంది. నేను బొగ్గు తీసుకున్నాను గాని చెయ్యి ఆడలేదు. వీటినీ తుడిచేస్తే, అని గొణిగాను.

అప్పుడు ఆవిడ అన్న మాట నా చెవిలో ఇంకా అలాగే ఉంది. "నాకూ ఇలాంటి గోడ ఒకటి ఉండేదే. కోపమొచ్చి మూల కూర్చున్నాను. ఇప్పటిదాకా కూర్చునే ఉన్నాను."

గోడ నింపాను. చేతులు, మొహం, పరికిణీ అంతా బొగ్గే. పూర్తయ్యాక మామ్మ నన్ను గోడ చివర నిలబెట్టి, బొమ్మల వైపే చూస్తూ పరిగెత్తమంది. పరిగెత్తాను. కొమ్మ లేచింది. దిగింది, ఊగింది, ఆగింది. నేను గీసిన గీత నా కళ్ళ ముందు కదిలింది. మా అన్నయ్యని లాక్కొచ్చి పరిగెత్తించాను. వాడు వెక్కిరించడం కూడా మరిచిపోయి, ఇంకోసారి పరిగెత్తడానికి మళ్ళీ ఈ చివరికి వచ్చాడు.

మా పెదనాన్నగారు మరునాడు దానికీ సున్నం వేయించారు. ఒక పూటంతా పట్టింది. మామ్మ పాలేరుకి మజ్జిగ తీసుకొచ్చి ఇచ్చి, "నిదానంగా వేయి నాయనా, తొందరేం లేదు. రేపు మళ్ళీ గీస్తుంది" అంది. మంచం మీదున్న పెదనాన్నగారికి వినబడేలాగే అంది.

"అత్తా, నువ్వే పిల్లని చెడగొడుతున్నావు."

"సున్నం నీది, బొగ్గు నాది. ఏది ముందు అయిపోతుందో చూద్దాంలేరా" అంది మామ్మ, నవ్వకుండా.

నేను మళ్ళీ గీశాను. ఆయన మళ్ళీ వేయించారు. కోతలు ముమ్మరమయ్యాక ఎప్పుడో సున్నం ఆగిపోయింది. బొమ్మలు నచ్చి ఆగారని నేను అనుకోను. పాలేరుకి తీరిక లేక ఆగి ఉంటారు. ఎలాగైతేనేం, ఆ ఏడు వానలొచ్చేదాకా గోడ నాదే.

ఆ తరువాత పెళ్ళి, ఆగిరిపల్లిలోనే సంసారం. ముగ్గులు తప్ప ఏమీ గీయలేదు. కిందటేడు మనవరాలు నూజివీడులో యానిమేషన్ క్లాసులో చేరితే, తోడుగా వెళ్ళినదాన్ని తలుపు దగ్గర కూర్చుని వింటూ వింటూ లోపలికి వెళ్ళి కూర్చున్నాను. నేర్పే అబ్బాయి, "రండి ఆంటీ" అని ఒక పాత ట్యాబ్ ఇచ్చాడు. ఆ మేలు నేను మరిచిపోను. మొదట నేర్పింది బంతి గెంతించడం. నా బంతి బుడగలా దిగేది. "బరువు లేదండీ ఆంటీ" అనేవాడు, నిజమే. ట్యాబ్ అద్దం మీద పెన్ను జారేది. పైన ఆగేచోట బొమ్మలు దగ్గర దగ్గరగా, పడేచోట దూరం దూరంగా గీయాలని తెలిసిన రోజు, అయ్యో, ఇది నా గోడే కదా అనుకుని కళ్ళు తుడుచుకున్నాను. బంతికి బరువొచ్చింది. తరువాత నేర్పిన జెండాకి గాలి వచ్చింది. మొదటివి ఇప్పుడు చూసుకుంటే నవ్వొస్తుంది, అందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

కోర్సు చివర ఒక్కొక్కరూ ఒక చిన్న కదిలే బొమ్మ చేస్తే హాల్లో తెర మీద, పేరుతో సహా వేస్తామన్నారు. నేను కాయ తెగిన కొమ్మ చేశాను. నెల పైనే పట్టింది. మళ్ళీ తోటలోకి వెళ్ళి, మెడ నొప్పి పుట్టేలా చూసి, ఒక్కొక్క ఫ్రేమూ చేత్తో గీసి ఇచ్చాను.

మరుసటి క్లాసులో ఆ అబ్బాయి అందరినీ పిలిచాడు. నా కొమ్మలో మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఉంచి, మధ్యలోవన్నీ తీసేసి, సాఫ్ట్‌వేర్ చేత నింపించాడట. "చూడండి ఆంటీ, మీరు నెలంతా కష్టపడ్డారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎంత స్మూత్‌గా వచ్చిందో." తెర మీద కొమ్మ లేచి ఆగింది. రైల్వే గేటు లేచినట్టు లేచింది. ఉలికిపాటు లేదు, ఊపు లేదు. ఆకులు కూడా ఒక్కసారే ఆగాయి. పిల్లలు సూపర్ ఆంటీ అన్నారు. నావి నాకు తిరిగి ఇమ్మన్నాను. "దాని మీదే సేవ్ చేసేశానండీ, పాతవి పోయాయి" అన్నాడు.

తడి సున్నం వాసన ముక్కుకి తగిలింది, ఒట్టు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. మేలు చేశాననే అనుకున్నాడు. మా పెదనాన్నగారూ చెడ్డవారు కారు, గోడ శుభ్రంగా ఉండాలనుకున్నారు. తుడిచేసింది ఏమిటో ఇద్దరూ ఒక్కసారి తేరిపార చూడలేదు. నాకు మండేది అక్కడే. చెడ్డవాళ్ళయితే తిట్టి ఊరుకునేదాన్ని.

"బాబూ, దాని మీద నా పేరు తీసెయ్యండి" అన్నాను.

"అదేంటండీ, ఫీలయ్యారా?"

"ఫీలవలేదు. కోపమొచ్చింది."

మనవరాలు నా కొంగు లాగుతోంది. షో ఆదివారమేనని, మళ్ళీ గీసే టైం ఉండదని, పేరు లేకపోతే బాగోదని ఆ అబ్బాయి నచ్చజెప్పబోయాడు. బాగోకపోతే బాగోకపోనీండి అన్నాను. ఆటోలో మనవరాలు, "ఇంత చిన్నదానికి అంత సీన్ ఎందుకు నానమ్మా" అంది. దానికి గోడ సంగతి మొదటినుంచీ, ఆగిరిపల్లి వచ్చేదాకా చెప్పాను.

ఆదివారం వెళ్ళాం. ఆ గేటు లేచింది, పేరు లేకుండా. జనం చప్పట్లు కొట్టారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాను. మనవరాలూ కొట్టలేదు.

సోమవారం పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పటికి సగం అయింది. ఈసారి నా చెయ్యి ముందుకన్నా బాగా నడుస్తోంది. కిందటిసారి చివరి ఆకుల్ని కాస్త తొందరగా ఆపేశానని ఇప్పుడు తెలుస్తోంది. గీసిందల్లా మనవరాలు తన ఫోన్‌లో కూడా దాచిపెడుతోంది, నేను అడగకుండానే. మొన్న ఆ అబ్బాయి ఫోన్ చేసి, ఎప్పుడు తెస్తారండీ అని అడిగాడు. అయినప్పుడు తెస్తానన్నాను.

మామ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. మట్టిగోడ పడిపోయి అక్కడ రేకుల షెడ్డు లేచింది. ఆవిడ కొంగులోంచి నా ముందు పోసిన బొగ్గులు మాత్రం ఇంకా అయిపోలేదు. పొద్దున్నే దీపం పెట్టి దేవుణ్ణి అందరి గురించీ అడుగుతాను, ఆ అబ్బాయి గురించి కూడా. ఈ కోపం ఒక్కటి తీసెయ్యమని మాత్రం అడగను. దణ్ణం పెట్టుకుని, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, కొమ్మ గీస్తాను.