నేను పట్టుకున్న ఫోను

మూడేళ్ల కిందట, పత్తి తీసే రోజుల్లో, ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు షేర్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వస్తున్నాను. అతని ఫోను మోగింది. ఒక చెయ్యి వదిలి జేబులో వెతుకుతుంటే ఆటో పక్కకు లాగింది.

“నువ్వు రెండు చేతులా హ్యాండిలు పట్టుకో అన్నా. ఫోను నేను పట్టుకుంటాలే” అంటూ తీసి అతని చెవికి ఆనించాను.

“మంచి పని చేసినావప్పా. నాకు భయమైతాండె” అంది, కూలికి పోయి వస్తూ వెనక కూర్చున్న అవ్వ. నాకు గర్వంగానే అనిపించింది.

అవతల అతని భార్య. ఇంట్లో ఏదో గొడవ. “ఊఁ, సెప్పు” అంటూ వింటున్నాడు. చూపు రోడ్డు మీదే ఉంది, మనసు ఇంట్లో ఉంది. ఫోను జారకుండా నేను అతని చెవినే చూస్తున్నాను. రోడ్డు మీద పంక్చరై ఆగిన పత్తి ట్రాక్టరును ఇద్దరమూ చూడలేదు. ఆటో పోయి దాన్ని గుద్దుకుంది.

మేము దెబ్బలతో బయటపడ్డాం. అవ్వ అక్కడే చనిపోయింది.

“నేను ఫోను ముట్టనేలేదు సార్. నా రెండు చేతులూ హ్యాండిలు మీదనే ఉండె” అని డ్రైవరు పోలీసులకు చెప్పాడు. అది నిజమే. పట్టుకున్నది నేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పోయిన వారం అదే దారిలో, ఆటోలో వెనక కూర్చున్నాను. ముందు కూర్చున్నాయన డ్రైవరు చెవికి ఫోను పెట్టాడు. “వద్దప్పా, బండి ఆపి మాట్లాడమను” అన్నాను. ఆయన నవ్వాడు. అప్పుడు మొదటిసారి అవ్వ సంగతంతా చెప్పాను, ఫోను పట్టుకున్నది నేనేనని కూడా.

అందరూ అయ్యో అన్నారు. ఆయనా అన్నాడు. ఫోను మాత్రం దించలేదు.