బాపు వినాలనుకున్న పేరు

టీవీలో పార్లమెంటు సభ్యులు అరుచుకోవడం మొదలుపెడితే అందరూ ఛానల్ మారుస్తారు. నేను మార్చను. ఆ గోల వింటుంటే బాపు పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. నాన్నను మేం బాపు అనే పిలిచేవాళ్లం. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

బాపు పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గని కింద పోయింది. ఇళ్లున్న చోట మట్టిగుట్టలు లేచాయి. బస్సు బోర్డుల మీద పేరు కూడా మిగల్లేదు. ఆ ఊరి మక్కజొన్న కంకుల తీపి మరెక్కడా లేదనేవాడు బాపు. ఎంపీ ఒకసారి మా కాలనీకి వచ్చి, బాపు చెయ్యి పట్టుకుని, "మీ ఊరి సంగతి ఢిల్లీల మాట్లాడ్త కాకా" అన్నాడు. బాపు అప్పటికే గని పని నుంచి రిటైరయ్యాడు. సమావేశాలు జరిగినన్నాళ్లూ పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని టీవీ ముందు కూర్చునేవాడు.

రోజూ అదే తంతు. నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని సభ మధ్యలోకి రావడం, కాగితాలు చించి విసరడం, వాయిదా.

"కప్పు కింద గట్ల ఎవలన్న మొత్తుకుంటరా?" అనేవాడు బాపు. గనిలో పని మొదలయ్యే ముందు కడ్డీతో పైకప్పును తట్టి చూస్తారట. కూలేలా గుల్లగా మోగుతోందేమోనని అందరూ నోరు మూసుకుని వింటారట.

"వాళ్ల కప్పు కూలదు తియ్యి. కూలేది మనదే," అనేది అమ్మ వంటింట్లోంచి.

ఒకరోజు సభాపతి మా ఎంపీ పేరు పిలిచారు. బాపు ముందుకు వంగాడు. నేను సౌండ్ పెంచాను. ఎంపీ సీట్లో లేడు. సభ మధ్యలో అట్ట ఊపుతూ అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. మళ్లీ పిలిచారు. తన పేరు తనకే వినపడలేదు. సభాపతి తర్వాతి పేరుకు వెళ్లిపోయారు.

"గీనెకు చెవుడా ఏంది?" అంది అమ్మ. బాపు నవ్వలేదు.

ఆ చలికాలమే దగ్గు ముదిరి బాపును దవాఖానలో చేర్పించాం. సమావేశాలు అనుకున్నదానికంటే ముందే ముగిశాయని ఫోన్‌లో చూసి చెప్పాను.

"మనూరి పేరు?"

లేదన్నట్టు తల ఊపాను.

బాపు నా వైపు తిరిగాడు. "నువ్వన్న అను బిడ్డా, ఒక్కసారి."

వార్డు నిండా మనుషులు. వంగి, ఆయన చెవిలో ఊరి పేరు చెప్పాను. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి బాపు నాతో అన్న ఆఖరి మాటలు ఇవి:

"గట్ల గుసగుస గాదు. గట్టిగ అను బిడ్డా. అందరు ఇననీ."